శ్రీశైలం ఘాట్‌లో బ్రేక్ మెత్తబడిన రోజు

మాది మహబూబ్‌నగర్. పోయిన కార్తీక మాసంలో అమ్మానాన్నలను తీసుకుని కారులో శ్రీశైలం బయల్దేరాం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్లు వదలరు కాబట్టి, తెల్లారాకే అడవిలోకి వెళ్లాం. ఈగలపెంట దాటాక రోడ్డు డ్యాం వైపు దిగుతుంది. మలుపు మీద మలుపు. బండిలో ఐదుగురం, డిక్కీ నిండా సామాను. నేను మూడో గేర్‌లో, బ్రేక్ మీద నుంచి కాలు తీయకుండా దిగుతున్నాను.

"ఏదో కాలుతున్న వాసన వస్తుంది రా" అన్నారు నాన్న. తర్వాతి మలుపులో పెడల్ మెత్తగా కిందికి పోయింది. గుండె జారిపోయింది. వెంటవెంటనే నాలుగైదు సార్లు కొడితే కొంచెం పట్టింది. రెండో గేర్, ఆ తర్వాత మొదటి గేర్‌లోకి మార్చి, హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగుతూ కాస్త వెడల్పున్న చోట పక్కకు ఆపాను. ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెడితే పొయ్యి సెగలా తగిలింది. నీళ్లు పోద్దామంది మా ఆవిడ, వద్దన్నాను. అంత వేడి మీద చన్నీళ్లు పడితే చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్క్ వంకరపోవచ్చు, పగలొచ్చు కూడా. ముప్పావు గంట ఆగాక పెడల్ మళ్లీ గట్టిపడింది. మిగతా దారంతా చిన్న గేర్‌లో దిగాం. ఇంజిన్ మాత్రం ఆపలేదు. ఆపితే బ్రేక్‌కు బూస్టర్ ఇచ్చే బలం పోతుంది, ఎంత తొక్కినా పెడల్ రాయిలా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఇంట్లోవాళ్లను బస్సెక్కించి, నేనొక్కడినే కారు తెచ్చాను.

నాకు బాధ కలిగించిన విషయం ఒకటుంది. దానికి మూడు నెలల ముందే బండి సర్వీసింగ్ చేయించాను. ఇచ్చిన కాగితంలో బ్రేకుల ఎదురుగా టిక్కు పెట్టి ఉంది. చక్రం ఇప్పారా అని నేను అడగలేదు.

ఈసారి తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లి పక్కనే నిలబడ్డాను. చక్రం తీసి టార్చ్ కొట్టి, "సార్, ఇటు చూడున్రి" అన్నాడు. డిస్క్‌ను రెండు వైపుల నుంచి నొక్కి పట్టే ప్యాడ్లలో బయటిది 6 మిల్లీమీటర్లుంది. లోపలిది 2 మిల్లీమీటర్లే. బయట నుంచి చూస్తే బాగున్నట్టే కనిపిస్తుంది!

"పిస్టన్ లోపలి ప్యాడ్‌నే నూకుతది సార్. ప్యాడ్లను పట్టుకునే ఈ క్యాలిపర్ పిన్నుల మీద జరిగితేనే బయటిది డిస్క్‌ను పడ్తది. మీ పిన్ను తుప్పు పట్టి జామైంది." అందుకే కాలు తీసినా లోపలి ప్యాడ్ డిస్క్‌ను పూర్తిగా వదల్లేదు. చక్రం అంతలా కాగింది అందుకే.

"ఆయిల్ మార్చి ఎన్నేండ్లయింది?" అని అడిగాడు. కొన్నప్పటి నుంచి మార్చలేదు, నాలుగేళ్లు. బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మనం పెడల్ తొక్కే బలాన్ని పైపుల్లో మోసుకెళ్లేది ఆ ద్రవమే. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, అది వేడికి మరిగితే పుట్టే ఆవిరి బుడగలు మాత్రం నలిగిపోతాయి. ఘాట్‌లో నా కాలి కింద పెడల్ మెత్తబడింది అందుకే.

రెండు వైపులా కొత్త ప్యాడ్లు, పిన్నులు, వాటికి వేడిని తట్టుకునే గ్రీజు. వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పి దుమ్ము తీశారు, వాటి లోపల రుద్దుకునే షూలు బాగున్నాయి. తర్వాత బ్రేక్ పైపుల్లోంచి పాత ఆయిల్, గాలి తీయడం. పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టారు. నేను సీట్లో కూర్చున్నాను. "కొట్టున్రి... కొట్టున్రి... పట్టి ఉంచున్రి" అంటే తొక్కి పట్టేవాణ్ణి, అతను నట్టు వదులు చేసేవాడు. సన్నటి గొట్టంలోంచి సీసాలోకి మొదట డికాషన్ రంగులో వచ్చింది, మెల్లగా తేనె రంగుకు తేరింది. బుడగలు ఆగేదాకా అతను వదల్లేదు.

ఇప్పుడు సర్వీసింగ్‌కు ఇస్తే, నాలుగు చక్రాలూ ఇప్పి, ముందువాటి లోపలి ప్యాడ్, వెనకవాటి షూలు నాకు చూపించమంటాను. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పిస్తాను. ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గితే ఊరికే పోసి నింపను. ప్యాడ్ అరిగినా, ఎక్కడైనా లీకైనా మట్టం తగ్గుతుంది, కారణం ఏదో ముందు చూపించి తెలుసుకోవాలి.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ అదే దారిలో వెళ్లాం. రెండో గేర్‌లోనే దిగాను. డ్యాం దగ్గర ఆపి ముందు చక్రాలు రెండింటి దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. ఎడమదీ కుడిదీ ఒకేలా వెచ్చగా ఉన్నాయి.