బూటు కొనే ముందు తోలు కోత అంచు చూడాలి

తోలు బూట్లు కొనబోయేవారు ముందుగా అడిగే ప్రశ్న ఏ తోలు మంచిదని. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే మంచి బూటులో తోలు ఒక్క రకమే ఉండదు. పాదాన్ని పైనుంచి కప్పే అప్పర్‌కు కావలసిన గుణాలు వేరు, దాని లోపలి లైనింగ్‌కు కావలసినవి వేరు, అరికాలి కింద పడి ఉండి చెమటనంతా పీల్చుకునే ఇన్సోల్‌కు కావలసినవి వేరు. పైగా వీడియోల్లో మనకు దొరికే సలహాలు చాలావరకు మంచు కురిసే దేశాల వారివి. చెన్నైలో మంచు లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, వీధుల్లో నిలిచిన నీళ్ళు. అందువల్ల నా అభిప్రాయాన్ని ముందే చెప్పి, కారణాలను తరువాత వివరిస్తాను: ఈ ఊళ్ళో తొడిగే బూటుకు పైన సుమారు 2 మిల్లీమీటర్ల మందం గల, క్రోమ్‌తో పదును చేసిన, అంటే క్రోమియం లవణాలతో పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా తోలుగా మార్చిన, ఫుల్ గ్రెయిన్ తోలు ఉండాలి, అరికాలి కింద చెట్టు బెరడుతో పదును చేసిన తోలు ఉండాలి.

తోలును కోసి అంచును పరీక్షగా చూస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. వెంట్రుకలు మొలిచిన పైభాగంలో పీచు సన్నగా, దట్టంగా అల్లుకుని ఉంటుంది. గ్రెయిన్ అనేది దీన్నే. దాని కింద కోరియం అనే భాగంలో పీచు లావుగా ఉంటుంది, మాంసం వైపు పోయేకొద్దీ అల్లిక వదులవుతుంది. చిరగకుండా నిలిపే బలం చాలావరకు ఈ కింది భాగానిది, నీటినీ రాపిడినీ ఓర్చుకునే గుణం పైభాగానిది. గ్రెయిన్‌ను చెక్కకుండా, రుద్దకుండా ఉన్నది ఉన్నట్టు ఉంచిన తోలు ఫుల్ గ్రెయిన్. మచ్చలు పోయేదాకా పైతలాన్ని రుద్ది, మందంగా రంగు పూత వేసి, లేని గీతలను యంత్రంతో అచ్చొత్తినది కరెక్టెడ్ గ్రెయిన్. మందమైన తోలును అడ్డంగా చీల్చినప్పుడు మిగిలే కింది పొర స్ప్లిట్. తోలు తుక్కును నలగగొట్టి జిగురుతో అట్టలా ఒత్తినది బాండెడ్ లెదర్. దాన్ని తోలు అని పిలవడానికి నాకు నోరు రాదు.

అంగడిలో ఈ నాలుగూ పక్కపక్కనే, ఇంచుమించు ఒకే మెరుపుతో కూర్చుని ఉంటాయి. మోటార్ సైకిల్ మీద తడ, సూళ్ళూరుపేట దాకా వెళ్ళి వచ్చే సరదా ఉన్న మా మేనల్లుడు ఈ మధ్య బూట్లు కొనుక్కుంటానని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరి, మొదటి దుకాణంలోనే, "మావయ్యా, జెన్యూన్ లెదర్ అని రాసే ఉంది కదా, ఇంక చూసేదేముంది?" అన్నాడు. ఆ ముద్ర చెప్పేది ఒక్కటే, అది జంతువు చర్మం నుంచి వచ్చిందని. ఏ పొర నుంచి వచ్చిందో, పైన ఎంత పూత ఉందో అది చెప్పదు. స్ప్లిట్ మీద పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ పొర అతికించిన సరుకు కూడా ఆ ముద్రతోనే అమ్ముడుపోతుంది. చెన్నై గాలిలోని తేమకు ఆ పొర రసాయనికంగా విరిగిపోయి కొన్నేళ్ళకు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది; వాడకుండా బీరువాలో పెట్టినా అదే గతి, ఒక్కోసారి వాడిన వాటికంటే ముందే.

అక్కడినుంచి వాణ్ణి పెరియమేట్‌కు తీసుకువెళ్ళాను. చెన్నై సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరలోని ఈ పేటలో తోళ్ళు, సోళ్ళు, జిగుర్లు, దారాలు, కొయ్య అచ్చులు అన్నీ దొరుకుతాయి. తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. నాకు తెలిసిన కటింగ్ మాస్టరు ఒకాయన అక్కడ ఉన్నారు. గూడూరు వైపు మనిషి కావడంతో మాట కలిసింది. ఆయన బల్ల మీద ఒక ఆవు తోలు పరిచి, వెన్ను పక్కన ఒకచోట పట్టుకుని, గ్రెయిన్ లోపలి వైపుకు వచ్చేలా మెల్లగా మడిచారు. మడతలో వెంట్రుక వాసి గీతలు, దగ్గర దగ్గరగా, సమానంగా లేచాయి; వేలు తీయగానే మాయమయ్యాయి. తరువాత అదే తోలును పొట్ట వైపు మడిచారు. ఈసారి పైపొర కిందిదాని నుంచి విడివడినట్టుగా లావాటి ముడతలు ఉబ్బి, వదిలినా అలాగే నిలిచిపోయాయి. "చూసినావా తమ్ముడూ, రెండూ ఒకే ఆవువి. ఇది వాంప్‌కు, అది నాలికకు. ఈ పొట్ట తోలు తెచ్చి ముందు పెట్టినామంటే నెల తిరక్కముందే బూటు ముసలిదైపోతాది" అన్నారాయన.

ఆ మాట వెనక అసలు సంగతి ఉంది. మనం నడిచేటప్పుడు అడుగడుగునా మడత పడేది బొటనవేలి వెనక ఉండే వాంప్ భాగమే. అక్కడికి వెన్ను, పిరుదుల ప్రాంతపు బిగువైన తోలు వాడాలి. పొట్ట, చంకల వద్ద తోలు సాగుతుంది కనుక కనపడని చోట్లకు పరిమితం చేయాలి. ఖరీదు తగ్గించాలనుకున్న తయారీదారు తోలు రకం మార్చకుండానే, కోసే చోటు మార్చి ఆ పని చేయగలడు. అందుకే చేతిలోకి తీసుకున్న జత బూట్లలో ఎడమ, కుడి వాంప్‌లను పక్కపక్కన పెట్టి బొటనవేలితో నొక్కి, రెండింటి మీదా ముడతలు ఒకేలా వస్తున్నాయో లేదో చూడమంటాను. ఆపైన నాలిక అంచు, లేసు రంధ్రాల పక్క, మడమ పైఅంచు వంటి, మడిచి కుట్టని చోటు ఎక్కడైనా ఉంటే అక్కడ కోత అంచును గోటితో గీరాలి. పీచు కనిపిస్తే తోలు. పైన మైనం కాగితంలాంటి పొర విడిగా లేస్తే పూత వేసిన స్ప్లిట్. కింద నేత గుడ్డ కనిపిస్తే రెక్సిన్. వాసన చూసి తేల్చవచ్చంటారు కానీ ఆ వాసనను కూడా పూస్తారు కనుక నేను దాన్ని నమ్మను.

మన దేశపు తోళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మన పశువులు కంచెల మధ్య కాక ముళ్ళ కంపల్లో తిరిగి మేస్తాయి. పిడుదులు కొరికిన గుర్తులు, ముల్లుగర్ర పోట్లు, కాడి రాపిడి, వాత మచ్చలు అన్నీ తోలు మీద ఉంటాయి. ఈ మచ్చలను దాచడానికే ఇక్కడ ఎంతో తోలును రుద్ది పూత వేస్తారు. కాబట్టి బూటు మీద అద్దంలాంటి నున్నదనం కనిపిస్తే మెచ్చుకునే ముందు అనుమానించాలి. బలానికి హాని చేయని చిన్న గీత, మానిన గాటు గుర్తు, కొద్దిగా మారే రంగు కనిపిస్తే అది గ్రెయిన్‌ను చెడగొట్టని తోలు అనడానికి మంచి సాక్ష్యం. వెంట్రుక రంధ్రాలు మూసుకుపోవు కనుక ఆ తోలు గుండా చెమట ఆవిరి బయటికి పోతుంది, ఈ ఉక్కలో ఆ ఒక్క గుణం చాలు దాని ధరను సమర్థించడానికి.

ఇక పదును సంగతి. పచ్చి చర్మం కుళ్ళకుండా తోలుగా మారడానికి రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది పాతది, చెట్టు బెరడుతో చేసేది. మన పల్లెల్లో లందల్లో, అంటే తోళ్ళు ఊరబెట్టే తొట్లలో, తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టి తోళ్ళను పదును చేసినది ఈ పద్ధతిలోనే. మద్రాసు నుంచి 19వ శతాబ్దంలో ఇంగ్లండుకు ఓడల మీద వెళ్ళిన ఈస్ట్ ఇండియా కిప్స్ అనే పశువుల తోళ్ళు కూడా తంగేడు చెక్కతో పదునైనవే. దీనికి వారాలు పడుతుంది, మందమైన సోలు తోలుకు నెలలు పడుతుంది. రెండవది క్రోమియం లవణాలతో చేసేది, ఒకటి రెండు రోజుల్లో పూర్తవుతుంది. 20వ శతాబ్దపు తొలి దశకంలో ఆంగ్లేయ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమ్ పదునును ప్రయోగించి చూపించాడు. ఆ తరువాత పల్లావరం పక్కన వెలసిన క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ వల్లనే క్రోంపేటకు ఆ పేరు వచ్చిందన్న సంగతి రోజూ లోకల్ రైలులో అటు వెళ్ళేవారిలో కూడా చాలామందికి తెలియదు. 1948లో అడయారులో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఏర్పడింది. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు దానికి సంచాలకులుగా ఉండి దేశంలో తోలు పరిశ్రమ రూపాన్నే మార్చారు. ముడి తోళ్ళను అమ్ముకునే దేశం తయారైన సరుకును అమ్మే దేశంగా మారడంలో ఆ సంస్థ పాత్ర చాలా పెద్దది.

రెండింటిలో ఏది గొప్పదని వాదించడం అనవసరం, ఎందుకంటే అవి చేసే పనులు వేరు. బెరడుతో పదునైన తోలు బిగువుగా ఉంటుంది, ఒత్తిడికి అచ్చు పడి ఆ ఆకారాన్ని నిలుపుకుంటుంది, నీటిని బాగా పీల్చుకుంటుంది. తడిగా ఉండగా 75 నుంచి 85 డిగ్రీల వేడి తగిలితే ముడుచుకుపోతుంది. క్రోమ్ తోలు మెత్తన, తేలిక. సరిగా పదునైతే మరిగే నీటిని కూడా తట్టుకుంటుంది, వానలో తడిసి ఆరిన తరువాత గట్టిపడటం తక్కువ. వానకు ఎదురుగా నిలిచే అప్పర్‌కు క్రోమ్, లేదా క్రోమ్ తరువాత మళ్ళీ బెరడు పదును ఇచ్చిన మిశ్రమ తోలు నప్పుతుంది. షికాగోలో 1905 నుంచి పనిచేస్తున్న హార్వీన్ వారి క్రోమెక్సెల్ ఈ మిశ్రమ జాతిదే. నూనెలు, మైనాలు బాగా పట్టించి ఉండటం వల్ల వంచినచోట రంగు తేలిపోయి, చేత్తో రుద్దితే మళ్ళీ కలిసిపోతుంది. దీన్ని పుల్-అప్ అంటారు. తమిళనాడులోని అంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో కూడా పుల్-అప్ తోళ్ళు తయారవుతాయి, వాటిని చిన్నచూపు చూడవలసిన పని లేదు.

బెరడు పదును సహజమైనది కాబట్టి పర్యావరణానికి మంచిదని చాలామంది నమ్ముతారు. తోలు కర్మాగారాల మురుగుతో చెడిపోయిన పాలారు నది గతి తెలిసినవారు అంత తేలిగ్గా నమ్మలేరు. తోలు శుభ్రం చేసేటప్పుడు వచ్చే ఉప్పు, సున్నపు నీళ్ళు రెండు పద్ధతులకూ ఉన్నవే. బెరడు కషాయం కూడా నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. వేలూరు ప్రాంతపు తోలు కర్మాగారాల మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఒక్కో దానికి 10,000 రూపాయల జరిమానా విధించి, మురుగు శుద్ధి ఏర్పాట్లు తప్పనిసరి చేసింది. క్రోమియం విషయంలో అసలు జాగ్రత్త మరొకటి: పదునుకు వాడేది మూడు సంయోజకత గల క్రోమియం, అది చర్మానికి పెద్ద ప్రమాదకారి కాదు, తయారీలో అశ్రద్ధ వల్ల అది ఆరు సంయోజకత గల రూపంలోకి మారితే మాత్రం చర్మానికి దద్దుర్లు తెస్తుంది. ఐరోపా దేశాలు 2015 నుంచి కిలో తోలుకు 3 మిల్లీగ్రాముల హద్దు పెట్టాయి. ఎగుమతి కోసం పనిచేసే కర్మాగారాల తోలు ఈ పరీక్షలు దాటి వస్తుంది కనుక పెరియమేట్‌లో అడిగేటప్పుడు ఎగుమతి సరుకు మిగులు ఉందా అని అడగడం నా అలవాటు.

జంతువుల విషయం త్వరగా ముగిస్తాను. నిత్యం వాడే బూటుకు ఆవు తోలు అన్ని విధాలా సరిపోతుంది. దూడ తోలు సన్నగా, 1.2 మిల్లీమీటర్ల దాపులో, నున్నగా ఉంటుంది. ఆఫీసు బూట్లకు సరి. గేదె తోలు గట్టిది, కానీ గ్రెయిన్ ముతక, అల్లిక వదులు; బరువైన పనుల బూట్లకు బాగుంటుంది. మేక తోలు మందం తక్కువైనా ఆశ్చర్యం గొలిపేంత గట్టిది, లైనింగ్‌కు నేను ముందుగా ఎంచుకునేది అదే. గుర్రపు పిరుదుల నుంచి వచ్చే షెల్ కార్డోవాన్ అందం వేరే స్థాయిది, దాని ధర కూడా. వాన చినుకు పడినచోటల్లా బొడిపెలు లేస్తాయి కనుక ఈ ఊరికి నేను సిఫారసు చేయను.

మోటార్ సైకిల్ నడిపేవారికి మాత్రం ఒక ప్రత్యేక సలహా. గేర్ వేసేటప్పుడు ఎడమ బూటు ముందు భాగం లివర్‌కు రోజూ రాసుకుంటుంది, నున్నటి గ్రెయిన్ మీద ఆ మచ్చ పోదు. మా వాడికి చివరికి కుట్టించినది రఫ్ అవుట్ జత. అంటే గ్రెయిన్‌ను లోపలికి తిప్పి, నూగులాంటి మాంసం వైపును బయటికి పెట్టి కుట్టిన నిండు మందపు తోలు. చూడటానికి స్వెడ్‌లా ఉంటుంది కానీ స్వెడ్ చాలాసార్లు స్ప్లిట్ నుంచి చేసినది, దీనిలో గ్రెయిన్ చెక్కుచెదరకుండా లోపల ఉంటుంది. గీతలు పడితే బ్రష్‌తో రెండుసార్లు దులిపితే చాలు.

కొనేవారు అసలు చూడని భాగం ఇన్సోల్. పైన ఎంత ఖరీదైన తోలు ఉన్నా, చవక బూట్లలో అరికాలి కింద ఉండేది కాగితపు గుజ్జుతో ఒత్తిన అట్ట. చెన్నై చెమటకు అది నాని, ఆరి, మళ్ళీ నాని, చివరికి మడమ కింద పొరలు పొరలుగా విడిపోతుంది. 3 మిల్లీమీటర్లకు తగ్గని బెరడు పదును తోలు అయితే చెమటను పీల్చి రాత్రికి వదిలేస్తుంది, కొద్ది వారాలకు అరికాలి ఆకారానికి దిగిపోతుంది. వెల్ట్ కుట్టు బూట్లలో అప్పర్‌ను, దాని అంచు చుట్టూ కుట్టే వెల్ట్ అనే తోలు పట్టీని పట్టి ఉంచేది ఈ ఇన్సోలే కనుక, అది నిలిస్తేనే సోలు మార్పించి బూటును ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. కుట్టించేటప్పుడు దీని గురించి ఎంత ఖర్చు అడిగినా బేరం చేయవద్దు. కావాలంటే అప్పర్‌లో ఒక మెట్టు దిగండి. బయటి సోలు మాత్రం ఇక్కడ రబ్బరుదే మేలు. తోలు సోలు తడిసిన గ్రానైట్ మెట్ల మీద జారుతుంది, నిలిచిన నీళ్ళలో నానిపోతుంది.

వానలో తడిసిన బూటును మేడ మీద ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం రెండూ కూడవు. అప్పర్ తట్టుకున్నా బెరడు పదును ఇన్సోల్ ముడుచుకుని కుట్టును లాగేస్తుంది. లోపల వార్తాపత్రిక ఉండలు కుక్కి, రెండు గంటలకోసారి మారుస్తూ, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాక, పైన తోలు కండిషనర్ పలుచగా రాస్తే సరిపోతుంది. ఎక్కువ నూనె పట్టిస్తే పీచు వదులై వాంప్ సాగిపోతుంది. నవంబరులో బూజు పడితే గుడ్డతో ఆరుబయట తుడిచి, ఆ జతను బీరువాలో కాకుండా గాలి తగిలే అరలోనే ఉంచి, వారానికి ఒకసారైనా తొడుక్కుని తిరగాలి.