డ్రైవర్ నుంచి వెడ్జ్ దాకా ఏ క్లబ్‌కి ఏ ఫ్లెక్స్

గోల్ఫ్ బ్యాగ్‌లో దూరం కొట్టే డ్రైవర్‌లో ఎస్, మధ్య దూరాల ఐరన్స్‌లో ఎస్, దగ్గరి దెబ్బల వెడ్జ్‌లలోనూ ఎస్. షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) మీద ఫ్లెక్స్, అంటే ఎంత వంగుతుందో చెప్పే అక్షరం, ఒకటే కనబడితే బ్యాగ్ అంతా ఒక తీరున ఉందని చాలామందికి ధీమా. కానీ ఆ అక్షరాలకు అందరూ ఒప్పుకున్న కొలమానం అంటూ ఏదీ లేదు. ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ (మెత్తనిదాని నుంచి గట్టిదాని వరుసలో) అన్నవి ఏ కంపెనీకి ఆ కంపెనీ పెట్టుకున్న గుర్తులు. ఒకరి ఎస్ ఇంకొకరి ఆర్ కంటే మెత్తగా ఉండొచ్చు. ఒకే కంపెనీలో కూడా 50 గ్రాముల ఎస్, 70 గ్రాముల ఎస్ చేతికి వేరుగా తగులుతాయి. ప్రాజెక్ట్ ఎక్స్ అనే షాఫ్ట్ బ్రాండ్ అయితే అక్షరాల బదులు 5.5, 6.0, 6.5 అని అంకెలు వేస్తుంది. 5.5 ఆర్‌కీ, 6.0 ఎస్‌కీ, 6.5 ఎక్స్‌కీ దగ్గర అనుకోవచ్చు. అదీ ఉజ్జాయింపే.

బ్యాగ్‌లో ఒకటిగా ఉండాల్సింది టైమింగ్. అక్షరం ఎలా ఉన్నా పర్లేదు. ఏ క్లబ్ తీసినా చేతులు, క్లబ్ తల కలిసి బంతి దగ్గరికి ఒకే లయలో రావాలి. అలా రావాలంటే కొన్నిసార్లు వేర్వేరు అక్షరాలే పెట్టాల్సి వస్తుంది.

మొదలు పెట్టడానికి డ్రైవర్ స్వింగ్ స్పీడ్ పనికొస్తుంది. క్లబ్ తల వేగం గంటకు 75 మైళ్లలోపు ఉంటే ఎల్, 75 నుంచి 85 అయితే ఏ, 85 నుంచి 95 అయితే ఆర్, 95 నుంచి 105 అయితే ఎస్, ఆ పైన ఎక్స్. వేగం కొలిచే యంత్రం అందుబాటులో లేకపోతే క్యారీ చూసుకోండి. డ్రైవర్ బంతి గాల్లో సుమారు 200 నుంచి 240 గజాలు వెళ్తుంటే ఆర్, 240 దాటితే ఎస్. దొర్లిన దూరం లెక్కలోకి రాదు, నేల గట్టిగా ఉన్నరోజు కొట్టిన దెబ్బ చూసి మురిసిపోనక్కర్లేదు. 7 ఐరన్ వేగం మామూలుగా డ్రైవర్ వేగంలో 80 శాతం దగ్గర ఉంటుంది. మీది 72 శాతమో, 86 శాతమో అయితే డ్రైవర్‌కీ ఐరన్స్‌కీ ఒకే ఫ్లెక్స్ కుదరదని అప్పుడే తెలిసిపోతుంది. అందుకే రెండింటినీ విడివిడిగా కొలవండి.

వేగం ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. ఇద్దరూ 95 మైళ్లతోనే కొట్టేవాళ్లు అనుకుందాం. ఒకరు పైన కాస్త ఆగి నిదానంగా కిందికి దిగుతారు, ఇంకొకరు పైకి వెళ్తూనే గభాలున లాగేస్తారు. రెండో వ్యక్తి షాఫ్ట్ మీద వేసే భారం ఎక్కువ, అదీ చాలా ముందే పడుతుంది. మొదటి వ్యక్తికి ఆర్ హాయిగా సరిపోతుంది, రెండో వ్యక్తికి ఎస్ కావాలి, బహుశా ఇంకాస్త బరువు కూడా. క్లబ్‌లు తయారుచేసే మిజునో వాళ్ల షాఫ్ట్ ఆప్టిమైజర్ పరికరం వేగంతోపాటు టెంపో (స్వింగ్ లయ), షాఫ్ట్ కిందికి వంగే తీరు, విడుదలయ్యే సమయం కూడా కొలిచేది ఇందుకే.

బరువు ముందు, ఫ్లెక్స్ తర్వాత

నా లెక్కలో షాఫ్ట్ ఎంపికలో మొదటి ప్రశ్న బరువే. తప్పు ఫ్లెక్స్‌తో ఎలాగో సర్దుకుపోవచ్చు. తప్పు బరువు మాత్రం టెంపోనే మార్చేస్తుంది. క్లబ్ పొట్టిదవుతున్న కొద్దీ షాఫ్ట్ బరువు మెట్లుమెట్లుగా పెరగాలి. తేలికపాటి స్టీల్ ఐరన్స్ వాడేవారికి ఒక మాదిరి వరుస ఇలా ఉంటుంది: డ్రైవర్ 55 నుంచి 60 గ్రాములు, 3 వుడ్ (డ్రైవర్ కంటే పొట్టిదైన ఫెయిర్‌వే వుడ్) 65, 5 వుడ్ 70, హైబ్రిడ్ (వుడ్‌కీ ఐరన్‌కీ మధ్యరకం) 80, ఐరన్స్ 95 నుంచి 100, వెడ్జ్‌లు 105 నుంచి 115. గ్రాఫైట్ ఐరన్స్ వాడేవారు ఈ అంకెలన్నీ కిందికి దించుకోవచ్చు, వరుస మాత్రం తలకిందులు కాకూడదు. 50 గ్రాముల డ్రైవర్ పక్కన 130 గ్రాముల ఐరన్స్ పెట్టుకున్నవాళ్లు ఐరన్స్‌తో కొట్టి కొట్టి డ్రైవర్ తీయగానే చేతులు ముందే దూసుకుపోతాయి. బంతి ఎటు పోతుందో తెలియక నెపం ఫ్లెక్స్ మీద వేస్తారు.

డ్రైవర్‌లో ఫ్లెక్స్ ప్రభావం కాస్త ఎక్కువగా కనబడడానికి కారణం రెండు విషయాలు, పొడవు, తల ఆకారం. 45 అంగుళాలకు పైబడిన పొడవు (పోటీల్లో కమిటీ స్థానిక నియమం పెడితే 46 దాటకూడదు, 2022 నుంచి ఆ వీలుంది), దానికి తోడు తల గరిమనాభి షాఫ్ట్ గీతకి బాగా వెనక ఉండటం. బంతిని తాకే వేళకి ఆ బరువు షాఫ్ట్‌ని ముందుకు వంచుతుంది, లాఫ్ట్ (బంతిని పైకి లేపే ముఖం వాలు) కాస్త పెరుగుతుంది, క్లబ్ ముఖం కాస్త మూసుకుంటుంది. షాఫ్ట్ మెత్తబడితే ఈ రెండూ కొంచెం పెరుగుతాయి. కుడిచేతి ఆటగాడికి మరీ మెత్తనైతే బంతి ఎత్తుగా లేచి ఎడమకి తిరగొచ్చు, మరీ గట్టిదైతే తక్కువ ఎత్తులో కుడికి జారొచ్చు. జారొచ్చు అంటున్నా, జారుతుంది అనడం లేదు. చాలామంది తెలియకుండానే చేతులతో సర్దేస్తారు, అప్పుడు తప్పు ఇంకోచోట బయటపడుతుంది.

డ్రైవర్‌కి రెండు ఫ్లెక్స్‌ల మధ్య ఊగిసలాట ఉంటే మెత్తటి వైపే మొగ్గండి. బంతి టీ మీద ఉంటుంది, ఎత్తు కావాలి, అహం కోసం పెట్టిన ఎక్స్ షాఫ్ట్ వల్ల 10 గజాలు పోగొట్టుకునేవాళ్లు లెక్కలేనంతమంది. ఒక్క మినహాయింపు, లాగుడు స్వింగ్ ఉన్నవాళ్లు. వాళ్లు అదే ఫ్లెక్స్‌లో 10 గ్రాములు బరువైనది ముందు ప్రయత్నించాలి.

ఫెయిర్‌వే వుడ్‌కి డ్రైవర్ షాఫ్ట్ మోడల్‌నే పెట్టేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. డ్రైవర్ తల సుమారు 200 గ్రాములు, 3 వుడ్ తల 215 చుట్టుపక్కల. తల బరువెక్కితే అదే టిప్ (షాఫ్ట్‌లో తల వైపు కొన) మెత్తగా ప్రవర్తిస్తుంది. బట్ (గ్రిప్ వైపు కొన) మాత్రమే కోసి పొడవు తగ్గిస్తే టిప్ అలాగే ఉండిపోతుంది, చివరలో తల ఊగినట్టు అనిపిస్తుంది. అందుకే 3 వుడ్‌కి టిప్ నుంచి అర అంగుళం, 5 వుడ్‌కి అంగుళం కోయడం మామూలు. కంపెనీ ఇచ్చిన పట్టిక ఉంటే దాన్నే పాటించండి. నేల మీంచి బంతి లేవడమే కష్టంగా ఉన్నవాళ్లు టిప్ కోయకుండా వదిలేయడమే మేలు. కోసిన టిప్ తిరిగి రాదు. ముందు అర అంగుళమే కోసి, కొట్టి చూసి, చాలకపోతే మళ్లీ కోయండి.

బ్యాగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది హైబ్రిడ్. చాలా హైబ్రిడ్లు 60, 65 గ్రాముల గ్రాఫైట్‌తో వస్తాయి, పక్కన 4, 5 ఐరన్స్ 110 గ్రాముల స్టీల్‌తో ఉంటాయి. ఐరన్ ఊపుతోనే హైబ్రిడ్‌ని కొడతారు. తేలిక షాఫ్ట్, మెత్తటి టిప్, పైగా వుడ్ లాగా వెనక్కి పోయిన తల, మూడూ కలిసి బంతిని ఎడమకి హుక్ చేస్తాయి. ‘నాకు హైబ్రిడ్ పడదు’ అనేవాళ్ల క్లబ్ పట్టుకుని చూస్తే చాలాసార్లు కథ ఇదే. మందు సులువే. ఐరన్ షాఫ్ట్ కంటే 15 నుంచి 25 గ్రాములు తక్కువ బరువున్న హైబ్రిడ్ షాఫ్ట్, ఐరన్ ఫ్లెక్స్‌కి సమానం లేదా అర మెట్టు గట్టిది పెట్టాలి. ఐరన్స్‌లో ఆర్ వాడుతూ హైబ్రిడ్‌లో ఎస్ పెట్టడం తప్పేం కాదు. వుడ్ షాఫ్ట్ మిగిలింది కదా అని హైబ్రిడ్‌కి దూర్చకండి. వుడ్ టిప్ మామూలుగా 0.335 అంగుళాలు, హైబ్రిడ్ హోసెల్ (తలలో షాఫ్ట్ దూరే గొట్టం) 0.370. లోపల వదులుగా ఉండి జిగురు మీదే ఆధారపడుతుంది, ఎప్పుడో ఒకప్పుడు తల ఊడి బంతికంటే ముందు పోతుంది.

ఐరన్స్: ఒక మెట్టు అటో ఇటో

ఐరన్స్‌కి 7 ఐరన్ కుదిరితే మిగతా సెట్ చాలావరకు కుదిరినట్టే. షాఫ్ట్ ఎంత గట్టిదో అక్షరాన్ని మించి చెప్పే కొలత సీపీఎం, అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందన్నది. బట్ చివర 5 అంగుళాలు బిగించి, తలని మీటి కొలుస్తారు. డ్రైవర్ 250 చుట్టూ ఉంటే 9 ఐరన్ 300 దాటి ఉంటుంది, పొడవు తగ్గితే ఊగే వేగం పెరుగుతుంది కాబట్టి. సరైన సెట్‌లో పొడవు అర అంగుళం తగ్గినప్పుడల్లా 4 సీపీఎం చుట్టూ పెరగాలి. మీ 6 ఐరన్ ఒక్కటే ఈ గీత నుంచి 5, 6 సీపీఎం పక్కకి పోతే, ఆ క్లబ్ అంటే మీకెందుకు పడదో అర్థమవుతుంది. వుడ్స్‌నీ ఐరన్స్‌నీ మాత్రం ఒకే గీత మీద పోల్చొద్దు, గ్రాఫైట్ గీత వేరు, స్టీల్ గీత వేరు.

ఎస్ గట్టిగా, ఆర్ మెత్తగా అనిపిస్తే మధ్యలో ఆగే దారి ఉంది. 0.355 అంగుళాల టేపర్ టిప్ (కొన సన్నబడుతూ పోయే) షాఫ్ట్‌లు ఒక్కో ఐరన్‌కి ఒక్కో పొడవులో వస్తాయి, టిప్ కోయకూడదు. 5 ఐరన్ తలలో 4 ఐరన్ షాఫ్ట్ పెట్టి బట్ కోస్తే కాస్త మెత్తబడుతుంది, దీన్ని సాఫ్ట్ స్టెప్ అంటారు. 6 ఐరన్ షాఫ్ట్ పెడితే కాస్త గట్టిపడుతుంది, అది హార్డ్ స్టెప్. ఒక్క స్టెప్‌కి వచ్చే తేడా ఫ్లెక్స్‌లో మూడో వంతు దాకా ఉంటుంది. 0.370 పారలల్ టిప్ (కొనంతా ఒకే మందం) అయితే ఒకే పొడవు షాఫ్ట్‌ని టిప్ వైపు అర అంగుళం చొప్పున పెంచుతూ కోసి సెట్ అంతా తయారు చేయొచ్చు. 0.370 షాఫ్ట్ 0.355 హోసెల్‌లో పట్టదు, కొనే ముందు తల కొలత చూసుకోండి.

ట్రూ టెంపర్ కంపెనీ స్టీల్ షాఫ్ట్ డైనమిక్ గోల్డ్ మీద ఎస్200, ఎస్300, ఎస్400 చూసి ఫ్లెక్స్ మారుతోందనుకోవద్దు. ఫ్లెక్స్ ఎస్ అన్నదే, వెనక అంకె బరువు తరగతి, మధ్య తేడా కొద్ది గ్రాములే. అదే ట్రూ టెంపర్ వాళ్ల ఏఎంటీ రకం పొడవాటి ఐరన్స్‌లో తేలిగ్గా మొదలై ఒక్కో క్లబ్‌కి సుమారు 3 గ్రాములు పెరుగుతూ పోతుంది. 4, 5 ఐరన్స్‌తో బంతి లేవనివాళ్లకి ఫ్లెక్స్ తగ్గించడం కంటే ఇలాంటిది బాగా నప్పుతుంది.

పిచింగ్ వెడ్జ్, గ్యాప్ వెడ్జ్ పూర్తి స్వింగ్‌తో కొట్టేవి కాబట్టి ఐరన్ షాఫ్టే ఉంచండి. 54 డిగ్రీల లాఫ్ట్, ఆ పైన ఉన్న వెడ్జ్‌ల మాట వేరు. అక్కడ ఎక్కువ షాట్లు అర స్వింగ్, ముప్పావు స్వింగ్. తల 300 గ్రాముల దగ్గర, షాఫ్ట్ పొట్టిది, గట్టి షాఫ్ట్ చేతికి కర్రలా నిర్జీవంగా తగులుతుంది, తల ఎక్కడుందో తెలియదు. బరువు ఐరన్స్‌తో సమానంగానో, కొద్దిగా ఎక్కువగానో ఉంచి, ఫ్లెక్స్ ఒక మెట్టు తగ్గించడం మంచి అలవాటు. టైగర్ వుడ్స్ బ్యాగ్‌లోనే ఐరన్స్‌కి డైనమిక్ గోల్డ్ ఎక్స్100, శాండ్, లాబ్ వెడ్జ్‌లకి ఎస్400 ఉండేవి. అయితే ఈ సూత్రం తేలిక ఐరన్స్ వాళ్లకి తిరగబడుతుంది. ‘వెడ్జ్ ఫ్లెక్స్’ అని రాసి ఉండే స్టీల్ షాఫ్ట్ చాలావరకు ఎస్‌కి దగ్గర, బరువు 125 గ్రాముల పైమాటే. 95 గ్రాముల ఆర్ ఐరన్స్ వాడేవాళ్లకి అది ఒక్కసారిగా 30 గ్రాములు బరువెక్కుతుంది, బంతికంటే ముందే నేలకి తగిలే దెబ్బలు మొదలవుతాయి. వాళ్లు ఐరన్స్‌లోని షాఫ్టే వెడ్జ్‌లలోనూ పెట్టించుకోవాలి. పటర్‌కి (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్) ఫ్లెక్స్ గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోవద్దు.

పరీక్షించేటప్పుడు

తల, పొడవు, గ్రిప్ ఒకటే ఉంచి షాఫ్ట్ మాత్రమే మార్చండి. షాఫ్ట్ 9 గ్రాములు పెరిగితే స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువుగా తగులుతుందన్న కొలత) ఒక పాయింట్ పెరుగుతుంది. తలకి 2 గ్రాముల లెడ్ టేప్ అంటిస్తే కూడా ఒక పాయింటే. కాబట్టి 50, 68 గ్రాముల షాఫ్ట్‌లు పోల్చేటప్పుడు తేలికదాని తలకి 4 గ్రాముల టేప్ అంటిస్తేనే పోలిక న్యాయంగా ఉంటుంది. ఒకదానితో పది బంతులు కొట్టేసి రెండోది తీయకండి, ఒళ్లు వేడెక్కాకో అలిసిపోయాకో కొట్టింది వేరే లెక్క. మూడేసి బంతులకి మార్చుకుంటూ ఒక్కోదానితో 12 కొట్టండి. ఎక్కువ దూరం వెళ్లిన ఒక్క బంతిని చూడకండి, క్యారీలో ఎక్కువ తక్కువల మధ్య తేడా, ఎడమ కుడి వెడల్పు చూడండి. 5 గజాలు తక్కువైనా వెడల్పు సగానికి తగ్గించే షాఫ్టే మీది.

క్లబ్ ముఖం మీద ఫుట్ పౌడర్ స్ప్రే కొట్టి బంతి ఎక్కడ తగులుతోందో కూడా చూడాలి. డ్రైవర్‌లో బంతి టో (తల బయటి కొన) వైపు తగిలితే గేర్ ఎఫెక్ట్ (మధ్య తప్పిన దెబ్బకి బంతికి వచ్చే పక్క తిరుగుడు) వల్ల ఎడమకి తిరుగుతుంది, దానికి గట్టి షాఫ్ట్ మందు కాదు, పొడవు అర అంగుళం తగ్గించి చూడటం మందు. ఐరన్స్ అన్నీ ఎడమకే పోతుంటే ముందు లై కోణం (క్లబ్ నేల మీద ఆనినప్పుడు షాఫ్ట్ వాలు) కొలిపించండి, నిటారుగా ఉన్న లై ఆ పనే చేస్తుంది. లై సరిచేయడానికి అయ్యేది షాఫ్ట్ సెట్ ధరలో చిన్న వంతు.

అన్నీ కుదిరాక ప్రతి క్లబ్‌కీ షాఫ్ట్ మోడల్, బరువు, టిప్ నుంచి ఎంత కోశారు, చివరి పొడవు, స్వింగ్‌వెయిట్, వీలైతే సీపీఎం ఒకచోట రాసిపెట్టుకోండి. రేపు 3 వుడ్ షాఫ్ట్ విరిగితే కొత్తదాని మీద అదే అక్షరం ఉంటే చాలదు, టిప్ ఎంత కోశారో తెలియకపోతే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.