సన్నని కాలువల్లో నీరు
నల్గొండ ఎండల్లో ఈ వారమంతా ల్యాబ్‌లో ఒక చిన్న రాగి పలకతోనే గడిపాను. దాని మీద వరుసగా చెక్కిన కాలువలు, ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదో వంతు వెడల్పు. కింద హీటరు, లోపల నీరు. పంపు తిప్పగానే ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ చూపే అంకె గబగబా దిగిపోతుంటే చూపు తిప్పుకోలేకపోయాను.

ఇంత ఇరుకులో నీరు సుడులు తిరగదు, పొరలు పొరలుగా సాగుతుంది. అలా నిలకడగా సాగేటప్పుడు కాలువ వ్యాసం సగానికి తగ్గిస్తే ఉష్ణ బదిలీ గుణకం, అంటే గోడ నుంచి నీటికి వేడి ఎంత జోరుగా దాటుతుందో చెప్పే కొలత, రెట్టింపవుతుంది. గోడ నుంచి నీటి నడిమికి వేడి దాటాల్సిన దూరం తగ్గుతుంది కదా! 1981లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టకర్‌మన్, పీజ్ అనే పరిశోధకులు సిలికాన్‌లో దాదాపు 50 మైక్రోమీటర్ల కాలువలు చెక్కి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని మామూలు నీటితోనే లాగేశారు. ఇస్త్రీపెట్టె వేడంతా గోరంత చోట అన్నమాట.

అయితే ఊరికే రాదు. గుండ్రటి గొట్టం వ్యాసం సగమైతే, అంతే నీటిని పంపడానికి 16 రెట్ల ఒత్తిడి కావాలి. అందుకే ఒక్క కాలువకు బదులు పక్కపక్కనే ఎన్నో పెడతారు. నా దృష్టిలో అసలు విద్య ఇక్కడే ఉంది.

ఇక మా బోరు నీరు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ పొర ఈ కాలువల్లో పేరుకుంటే దారే మూసుకుపోతుంది. కాబట్టి స్వేదనజలమే, అదీ ఫిల్టరు దాటాకే. వేడిని ఇంకా బాగా లాగుతాయని, నానో రేణువులు (కంటికి కనబడనంత సన్నని పొడి) కలిపిన ద్రవాలు ప్రయత్నించమని మిత్రులు అంటున్నారు. రేణువులు కలిపితే చిక్కదనం పెరుగుతుంది, పంపు మీద భారమూ పెరుగుతుంది. ముందు మామూలు నీటి లెక్క తేలాలి.