పాత జీపు హెడ్‌లైట్లు: బల్బు కంటే ముందు వైరు

పాతికేళ్లు దాటిన మహీంద్రా జీపును ఇప్పటికీ ఇష్టంగా నడుపుకుంటున్నవారిలో చాలామంది చెప్పే ఇబ్బంది ఒకటే: రాత్రిపూట దారి సరిగా కనిపించదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ ఎక్కేవారికి, అందులోనూ చలికాలపు పొగమంచులో, ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. అయితే వెలుగు చాలడం లేదనగానే అందరి చూపూ బల్బు మీదకే పోతుంది. 60/55 వాట్ల (దూరాన పడే హై బీమ్‌కు 60, దగ్గర పడే లో బీమ్‌కు 55) మామూలు హాలోజన్ తీసేసి 100/90 వాట్లది పెట్టించుకుంటారు. నా ఎంఎం 540 జీపు విషయంలో నేను వైరింగ్‌తో మొదలుపెట్టాను, పాత బండి ఉన్న ప్రతివారూ అక్కడే మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ బళ్లలో హెడ్‌లైట్లకు కావలసిన కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్చులోకి, అక్కడి నుంచి హై, లో బీమ్‌లను మార్చే డిప్పర్ స్విచ్చులోకి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చి బల్బు హోల్డరుకు చేరుతుంది. ఏళ్ల తరబడి అరిగిన కాంటాక్టులు, పచ్చగా చిలుము పట్టిన టెర్మినళ్లు, తుప్పు పట్టిన బాడీ ఎర్తు (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి), ఇవన్నీ దారిలో తలా కొంత వోల్టేజీని తినేస్తాయి. ఇంజను నడుస్తుండగా నా బండి బ్యాటరీ దగ్గర మల్టీమీటరు 14 వోల్టులు చూపించింది. లైట్లు వేసి హోల్డరు వెనుక కొలిస్తే వచ్చింది 11.6 మాత్రమే. హాలోజన్ వెలుగు వోల్టేజీ తగ్గినంతే తగ్గి ఊరుకోదు. వోల్టేజీ 10 శాతం పడిపోతే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. 13.2 వోల్టుల దగ్గర హై బీమ్‌లో సుమారు 1650 ల్యూమెన్లు, లో బీమ్‌లో 1000 ల్యూమెన్లు ఇవ్వవలసిన హెచ్4 బల్బు (రెండు బీమ్‌లూ ఒకే బల్బులో ఉండే హాలోజన్ రకం), 11.6 దగ్గర అందులో మూడో వంతు పోగొట్టుకుంటుంది. అలాంటి వైరింగ్‌కే 100 వాట్ల బల్బులు తగిలిస్తే, రెండింటికీ కలిపి 10 ఆంపియర్లు పోయే చోట సుమారు 17 ఆంపియర్లు పోవాలి. స్విచ్చు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ హోల్డరు కరుగుతుంది, వెలుగు మాత్రం ఆశించినంత పెరగదు.

దీనికి మందు రిలే, అంటే స్వల్ప కరెంటు అందగానే పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలను బ్యాటరీకి దగ్గరలో బిగించాలి. డిప్పర్ నుంచి వచ్చే పాత వైరును రిలే కాయిల్ వైపు, అంటే 85, 86 నంబర్ల కాళ్లలో ఒకదానికి ఇచ్చి, రెండోదాన్ని ఎర్తు చేయాలి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా 30వ నంబరుకు, 87వ నంబరు నుంచి బల్బులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు లాగాలి. ఇక పాత స్విచ్చు మోయవలసింది కాయిల్‌కు చాలినంత స్వల్ప కరెంటే. ఎర్తును కూడా బాడీకి వదిలేయకుండా నేరుగా బ్యాటరీ మైనస్ వరకు తీసుకువెళ్లడం మంచిది. చాలామంది ఆటో ఎలక్ట్రీషియన్లు ప్లస్ వైపు శ్రద్ధగా చేసి ఇక్కడ తొందరపడతారు. ఈ పని పూర్తయ్యాక హోల్డరు దగ్గర 13.5 వోల్టులు కనిపించాయి, బల్బులు మాత్రం పాతవే.

ఆ తరువాతి వంతు డూముది, అంటే రిఫ్లెక్టరు, ముందు గాజు కలిసి ఉండే లైటు గిన్నెది. లోపలి అద్దంలాంటి పూత మసకబారిన రిఫ్లెక్టరుకు ఏ బల్బు పెట్టినా ఫలితం ఉండదు, గుడ్డతో తుడిస్తే ఉన్న పూత కూడా ఊడిపోతుంది. ఏడు అంగుళాల గుండ్రటి డూము సులువుగా దొరికే సైజు కనుక, కొత్తది కొనడమే మేలు. హెచ్4 బల్బును బిగించేటప్పుడు గాజును వేళ్లతో తాకకూడదు.

ఎల్‌ఈడీ గురించి నన్ను తరచూ అడుగుతుంటారు. హాలోజన్ డూములో ఎల్‌ఈడీ బల్బు దూర్చడాన్ని నేను ససేమిరా ఒప్పుకోను. హెచ్4 బల్బులో లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. వెలుగు పైకి, అంటే ఎదుటివారి కళ్లలోకి పోకుండా ఆపేది అదే. రిఫ్లెక్టరు వంపు కూడా ఆ ఫిలమెంటు ఉన్న చోటును బట్టే తీర్చినది. ఎల్‌ఈడీ చిప్పులు అచ్చంగా ఆ చోటులో, ఆ ఆకారంలో ఉండవు కనుక వెలుగు చెల్లాచెదురవుతుంది. పైగా అలా చెదిరి పైకి పోయిన వెలుగు పొగమంచులో ఎదుట తెర కట్టినట్టు చేస్తుంది. ఎల్‌ఈడీయే కావాలనుకుంటే, తన సొంత లెన్సుతో వచ్చే ఏడు అంగుళాల పూర్తి యూనిట్ తీసుకోవచ్చు.

అలా కొనేటప్పుడు తప్పక చూడవలసినది, అది ఎడమవైపు నడిచే దేశాలకు చేసినదా కాదా అని. మన లో బీమ్ ఎడమ అంచున కాస్త పైకి లేచి రోడ్డు పక్కన నడిచేవారిని చూపించాలి. అమెరికా జీపుల కోసం చేసిన లైట్లలో అది కుడివైపు లేస్తుంది, అంటే ఎదురొచ్చే డ్రైవరు కళ్లలోకే. యూరప్ ప్రమాణం ప్రకారం చేసిన లైటయితే, దానికి ఎదురుగా నిలబడి చూసినప్పుడు గాజు మీది బాణం గుర్తు మన కుడివైపు చూపిస్తుంటే అది మన రోడ్లకు తగినది. రెండు వైపులా మొనలుంటే ఎక్కడైనా వాడవచ్చు. అసలు బాణమే లేకపోతే వద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 106వ నిబంధన కూడా, ముందు దీపపు వెలుగు 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకుండా కిందికి వంగి ఉండాలనే చెబుతోంది. ఒకప్పుడు లారీల హెడ్‌లైట్ల పైభాగానికి నల్లరంగు పూయించింది కూడా ఇందుకే.

చివరి పని గురి సరిచేయడం. చదునైన నేల మీద, గోడకు 7.5 మీటర్ల దూరంలో బండిని నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, లైటు మధ్యభాగం ఎత్తును గోడ మీద సుద్దముక్కతో గుర్తించాలి. లో బీమ్ పై అంచు ఆ గీతకు సుమారు 7 సెంటీమీటర్లు దిగువన పడేలా పైనున్న స్క్రూను, కుడిఎడమలకు పక్కనున్న స్క్రూను తిప్పాలి. వెనుక సామాను నింపుకుని కొండెక్కే అలవాటున్నవారు ఆ బరువుతోనే సరిచూసుకోవాలి, ఎందుకంటే వెనుక పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) దిగితే ముక్కు లేచి, లో బీమ్ కూడా హై బీమ్ లాగే కొడుతుంది. పట్టీలు మార్పించినా, పెద్ద టైర్లు వేయించినా ఈ కొలత మళ్లీ మొదటి నుంచి తీసుకోవలసిందే.