సూర్యకుండంలో స్వర్ణ బియ్యం

మా ఊళ్లో ఎత్తైనది ఏదంటే కొబ్బరిచెట్టు. దాని తర్వాత ఏటిగట్టు. మందపల్లికి దగ్గర్లో, సముద్రానికి పట్టుమని పది పన్నెండు మీటర్ల ఎత్తు కూడా ఉండని కోనసీమ పల్లె మాది. అలాంటి వాళ్లం 3,293 మీటర్ల ఎత్తున ఉన్న యమునోత్రికి బయల్దేరాం. నేను, మా ఆయన, డెబ్బైకి దగ్గర పడ్డ మా అత్తయ్య. సార్వా నాట్లయి కలుపుతీతలు కూడా అయిపోయాక, కోతలకింకా టైముండగా, దసరాకి ముందు టికెట్లు తీశాం. నెల రోజులు పొద్దున్నే గట్టెక్కి దిగి ప్రాక్టీసు చేశాం. గట్టు మీద గేదెలు తోలుకెళ్లేవాళ్లు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో నాకు తెలుసు, రాయను.

అత్తయ్య సంచిలో ముందుగా చేరింది మందులు కాదు, రెండు శేర్ల బియ్యం. యమునోత్రిలో వేడినీళ్ల గుండముందనీ, అందులో బియ్యం మూటకట్టి ముంచితే ఉడుకుతాయనీ, అదే ప్రసాదమనీ ఎవరో చెప్పారట.

"అక్కడ దుకాణాల్లో పొట్లాలు అమ్ముతారంట అత్తయ్యా, ఇంత బరువెందుకు?" అన్నాను.

"మన చేలో పండినవి ఉండగా కొనుక్కోడమేంటే అమ్మాయ్? ఆ తల్లి కూడా ఒకసారి మన గోదారి నీళ్ల బియ్యం చూస్తుంది" అంది. మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం. మా ఇంట్లో అన్నమంటే అదే. ఒక మూటలో అవి, ఇంకో మూటలో పాత పంచె చింపిన తెల్లగుడ్డ ముక్కలు.

రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కణ్ణించి హరిద్వార్, మర్నాడు టెంపో ట్రావెలర్‌లో ముస్సోరీ మీదుగా బర్కోట్. ఘాట్ రోడ్డు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను: ఇంటి నుంచి తెచ్చిన నిమ్మకాయలన్నీ అయిపోయాయి. రోజూ తెలుగు భోజనం పెడతామన్న ట్రావెల్స్‌వాళ్లు రెండో పూట నుంచే ఆలూ కూరలోకి దిగారు. ఆవకాయ సీసా లేకపోతే మా యాత్ర హరిద్వార్‌తో సరి.

బర్కోట్ దగ్గర మా ఆయన ఒక్కసారి బండి ఆపించాడు. కొండవాలంతా మెట్లు మెట్లుగా వరిచేలు. ఒక్కో మడి మా పెరడంత కూడా లేదు. మా గైడ్ కుర్రాడిది పురోలా వైపు పల్లె, వాళ్లదీ వరి వ్యవసాయమే. అక్కడ పండేది ఎర్రబియ్యం, ఆ ప్రాంతంలో దానికి పెద్ద పేరట. ఇక మా ఆయనకి యమునమ్మ తల్లి గుర్తులేదు. నీళ్లెలా వస్తాయి, ఎవరు వదులుతారు, పైమడివాడు కట్టేసుకుంటే కిందివాడి గతేంటి అని ఒకటే ప్రశ్నలు. చిన్నప్పుడు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి ప్రవీణ దాకా వెళ్లిన నా హిందీ ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. వాగు నుంచి కొండ పక్కగా తవ్విన సన్నకాలవని వాళ్లు 'గూల్' అంటారు. మన బోదే. నీటి వంతుల దగ్గర తగాదాలుంటాయా అని అడిగితే ఆ అబ్బాయి నవ్వి, "హర్ సాల్" అన్నాడు. మా ఆయన తృప్తిగా బండెక్కాడు. కాటన్ దొర ఆనకట్ట కట్టినా, కొండవాళ్లు గూల్ తవ్వుకున్నా, శివారు చేనివాడి బాధ ఒకటే అని ఆయన సిద్ధాంతం.

నడక జానకీచట్టీలో మొదలవుతుంది. అది 2,650 మీటర్లు. గుడి దాకా ఐదారు కిలోమీటర్లే, కానీ ఆ కాస్త దూరంలోనే ఆరువందల మీటర్ల పైచిలుకు ఎక్కాలి. అత్తయ్యకి పాలకీ మాట్లాడదామనుకున్నాం. నలుగురు మనుషులు భుజాల మీద మోసుకెళ్తారు. ఆవిడ ఆ కర్రల్ని, ఆ నలుగుర్నీ చూసి వెనక్కి తగ్గింది.

"నలుగురు మొయ్యడానికి నాకింకా టైముందిరా అబ్బాయ్. గుర్రం చూడు" అంది కొడుకుతో.

గైడ్‌కి ఇది అనువదించడం నా ప్రవీణ వల్ల కాలేదు.

ఆవిడ కంచరగాడిద మీద ముందెళ్లిపోయింది, మేం నడిచాం. సిమెంటు దారి, ఒక పక్క కొండ, ఇంకో పక్క రెయిలింగ్, కింద ఎక్కడో తెల్లగా నురగలు కక్కుతూ యమున. మా గోదారి అంత వెడల్పుండి ఎంత నెమ్మదిగా నడుస్తుందో, ఇది ఇంత సన్నగా ఉండి అంత గోల చేస్తుంది. గైడ్ చెప్పిన వాటిలో రెండు బాగా పనికొచ్చాయి. గుర్రాలు వచ్చినప్పుడు కొండవైపే ఒదగాలి, లోయవైపు నిలబడకూడదు. ఆయాసమొస్తే ఆగాలి గానీ కూర్చోకూడదు, కూర్చుంటే కాళ్లు మళ్లీ లేవవు. నేను రెండోది ఒక్కసారి తప్పాను, ఒక టీకొట్టు బెంచీ మీద. పావుగంట పోయింది. గంటన్నరలో ఎక్కేస్తారని ట్రావెల్స్‌వాళ్లన్న దారి నాకు మూడున్నర గంటలు పట్టింది. చివరి మలుపుల్లో నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపళ్లేదు.

మలుపు తిరగ్గానే ఆవిరి కనిపించింది. చుట్టూ ఊపిరి పొగలై వచ్చే చలి, మధ్యలో రాళ్లలోంచి వేడి ఆవిరి. ముందు స్నానాల గుండం. ఆడవాళ్లకి వేరుగా ఉంది. వేలు పెట్టి చూస్తే అమ్మో అనిపించింది. పాదం, మోకాలు, నడుము, అలా ఒక్కో మెట్టే దిగాను. ఆ నీళ్లు మోకాళ్ల చిప్పల కిందికి చేరుకున్నప్పుడు కలిగిన సుఖం గురించి ఎంత చెప్పినా తక్కువే. పక్కన ఒక రాజస్థానీ ముసలావిడ కళ్లు మూసుకుని ఏదో పాట పాడుతోంది. ఆవిడకి నా భాష రాదు, నాకు ఆవిడ పాట తెలీదు. బయటికి రమ్మని వాళ్లవాళ్లు పిలిస్తే ఇద్దరం ఒకేసారి మొహం చిట్లించాం.

మనకి వేడినీటి ఊటలు కొత్తేం కాదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదారి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లొస్తాయి. ఇక్కడా అక్కడా అగ్నిపర్వతాల్లేవు. నేలలోకి చాలా లోతుకి ఇంకిన నీళ్లు అడుగు వేడికి కాగి, రాళ్ల పగుళ్లు పట్టుకుని పైకి తన్నుకొస్తాయి. కాకపోతే సూర్యకుండం మరీ వేడి, 88 డిగ్రీలంటారు. ఆ ఎత్తులో నీళ్లు మరిగేదే 89, 90 డిగ్రీల దగ్గర. అంటే దాదాపు ఎసరే.

గుడి పక్కనే చిన్న రాతి తొట్టిలా ఉంది సూర్యకుండం. చుట్టూ జనం, ఒక్కొక్కరి చేతిలో దారం, దారం చివర మూట. అత్తయ్య గుడ్డ పరిచి మూడు గుప్పిళ్ల బియ్యం పోసింది, ఉబ్బడానికి చోటుంచి వదులుగా కట్టింది. పక్కవాళ్ల పొట్లాలన్నీ బిగించి కట్టినవే. వాళ్లు ముంచి, కాసేపు ఉంచి, తీసుకుని వెళ్లిపోతున్నారు. అత్తయ్య అలా కాదు. ఐదు నిమిషాలకోసారి మూట పైకి లాగి, గుడ్డ పైనుంచే రెండు వేళ్లతో నలిపి చూస్తుంది.

"పలుకుంది. ఇంకా ఉడకాలి" అని మళ్లీ ముంచుతుంది.

వెనక క్యూ పెరిగిపోతోంది. ఒకాయన "మాతాజీ, హో గయా" అన్నాడు. ఈవిడ తెలుగులో "మీకయ్యింది బాబూ, నాకవ్వలేదు" అంది. ఇరవై ఐదు నిమిషాలయ్యాక గైడ్ వచ్చి గుర్రంవాడు వెళ్లిపోతానంటున్నాడని బతిమాలాడు. అప్పుడు తీసింది. పైన మెత్తగా, లోపల పలుకు. ఇంట్లో అయితే ఆ అన్నం నా మొహం మీదే పెట్టేది. ఇక్కడ కళ్లకద్దుకుని దివ్యశిల అనే పూజరాతికి పెట్టి, గుళ్లో నల్లటి యమున విగ్రహం ముందు నిలబడి, "తల్లీ, నీ పొయ్యి మంట కొంచెం చాల్లేదు" అని పైకే అనేసింది.

మర్నాడు ఏరు దాటి ఖర్సాలీ వెళ్లాం. చలికాలం గుడి మూసేశాక యమున విగ్రహం ఉండేది ఆ ఊళ్లోనే. రాయి, కలప కలిపి అంతస్తులుగా కట్టిన పాత శనిదేవుడి గుడి ఉందక్కడ. శని యమునకి తోబుట్టువు. దీపావళి వెళ్లిన రెండో రోజు, యమద్వితీయ నాడు గుడి మూస్తారు. ఆ రోజు ఊళ్లోంచి శని పల్లకి పైకి వెళ్లి తోబుట్టువుని ఇంటికి తీసుకొస్తుందట. యమద్వితీయ అంటే మన భగినీ హస్త భోజనం రోజే. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంట్లో తినే పండగ.

అత్తయ్య గుడి గుమ్మంలో నిలబడిపోయింది. మా మందపల్లి శనంటే మాకు భయం. త్రయోదశికి నూనె పోసి, దణ్ణం పెట్టుకుని వచ్చేయడమే. ఆయన్ని పలకరించాలని ఎవరికీ అనిపించదు.

"ఈయనకి ఆడతోబుట్టువుందనీ, పుట్టింటికి తీసుకెళ్తాడనీ ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదేంటే నాకు" అంది. ఆ సాయంత్రం తన పుట్టింటి కబుర్లు చాలాసేపు చెప్పింది. తనకి ఇద్దరన్నలు, ఇద్దరూ పోయారు.

తిరుగు ప్రయాణం రోజు మిగిలిన స్వర్ణ బియ్యం గైడ్ చేతిలో పెట్టింది, వాళ్లమ్మకివ్వమని. అతను బర్కోట్‌లో బండాపి, తెలిసినవాళ్ల ఇంట్లోంచి కిలో ఎర్రబియ్యం తెచ్చి మాకిచ్చాడు.

ఇంటికొచ్చాక గుండంలో ఉడికిన మెతుకులు ఎండబెట్టి, వీధిలో ప్రతి ఇంటికీ నాలుగేసి పంచింది అత్తయ్య. ఆ ఆదివారం నేను ఎర్రబియ్యం కుక్కర్లో పెట్టాను. మన లెక్కలో మూడు విజిల్స్ చాలనుకున్నాను. మూత తీస్తే పలుకు. ఇంకో మూడు. అప్పటికీ అంతంతమాత్రమే.

అత్తయ్య ఒక మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసి, "మనకి పొలమున్నది ఇక్కడ కాబట్టి సరిపోయింది. ఇవి తీసుకెళ్లుంటే ఆ గుర్రంవాడు ఇంకా మన కోసం చూస్తూ ఉండేవాడు" అంది.