స్టాక్ ఇంజిన్‌కి నైట్రస్ పెడితే ముందు దెబ్బతినేది పిస్టన్ రింగుల దగ్గరే

కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న (స్టాక్) కారు ఇంజిన్‌కి పవర్ పెంచడానికి నైట్రస్ (బాటిల్ నుంచి ఇంజిన్‌లోకి వదిలే నైట్రస్ ఆక్సైడ్) గానీ సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు) గానీ బిగించేముందు అందరూ అడిగేది "ఎన్ని హార్స్‌పవర్ తట్టుకుంటుంది?" అని. నన్నడిగితే ముందు చూడాల్సింది పెట్రోల్ సరఫరా. నైట్రస్ ఆక్సైడ్ బరువులో 36 శాతం ఆక్సిజనే, గాలిలో అది 23 శాతం. అదనంగా వచ్చిన ఆక్సిజన్‌కి తగ్గ పెట్రోల్ అందకపోతే మిక్స్చర్ లీన్ అయి (పెట్రోల్ తక్కువై), నాకింగ్ మొదలవుతుంది, అంటే సిలిండర్‌లో మిక్స్చర్ అదుపు తప్పి దానంతటదే పేలుతుంది. పోత పోసిన స్టాక్ పిస్టన్ పెళుసుగా ఉంటుంది. ఆ దెబ్బలకి రెండు రింగుల మధ్య ఉన్న గట్టు విరిగిపోతుంది.

నాకింగ్ లేకపోయినా రింగ్ గ్యాప్ (రింగు రెండు కొనల మధ్య ఖాళీ) సమస్య ఉంటుంది. 86 మిల్లీమీటర్ల బోర్‌లో (సిలిండర్ వ్యాసం) పై రింగుకి స్టాక్ గ్యాప్ సుమారు 0.3 మిల్లీమీటర్లు. నైట్రస్ వేడికి రింగు సాగి రెండు కొనలూ ఒకదానికొకటి తగిలితే, అది సిలిండర్ గోడని పట్టేసి పిస్టన్ పైభాగాన్ని లాగేస్తుంది. నైట్రస్‌కి 0.5 మిల్లీమీటర్లు దాటిన గ్యాప్ కావాలి, అది ఇంజిన్ విప్పితే తప్ప కుదరదు. అందుకే విప్పని నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి 50 హార్స్‌పవర్ జెట్ (నైట్రస్ ఎంత రావాలో నిర్ణయించే చిన్న రంధ్రం) దాటొద్దంటాను.

ఆ 50కి కూడా టైమింగ్ (ప్లగ్ స్పార్క్ ఇచ్చే సమయం) 2 డిగ్రీలు వెనక్కి తగ్గించాలి. ఒక మెట్టు చల్లటి (వేడిని త్వరగా వదిలే) స్పార్క్ ప్లగ్ వేసి, దాని గ్యాప్ 0.8 మిల్లీమీటర్లకి కుదించాలి. థ్రాటిల్ పూర్తిగా తొక్కి, 3000 ఆర్‌పీఎం దాటాకే సొలినాయిడ్ (నైట్రస్‌ని వదిలే కరెంటు వాల్వ్) తెరుచుకునేలా వైరింగ్ చేయాలి. తక్కువ ఆర్‌పీఎంలో వదిలితే పెట్రోల్ మానిఫోల్డ్‌లోనే (సిలిండర్లకి గాలి తీసుకెళ్లే గొట్టాలు) మడుగు కట్టి బ్యాక్‌ఫైర్ అవుతుంది, మానిఫోల్డ్ పగిలిపోవచ్చు కూడా. ఫ్యూయల్ ప్రెషర్ పడిపోగానే నైట్రస్‌ని ఆపేసే స్విచ్ తప్పనిసరి. బాటిల్ 900-950 పీఎస్‌ఐ దగ్గర ఉండాలి. ఎండలో ప్రెషర్ పెరిగితే వెట్ కిట్‌లో (నైట్రస్‌తో పాటు అదనపు పెట్రోల్‌నీ చల్లే కిట్) నైట్రస్ ఎక్కువ వస్తుంది, పెట్రోల్ మాత్రం అంతే వస్తుంది.

సూపర్‌చార్జర్ సంగతి వేరు, దాని వేడి ఎప్పుడూ ఉంటుంది. 10:1 కంప్రెషన్‌కి (సిలిండర్‌లో మిక్స్చర్‌ని నొక్కే నిష్పత్తి) 6 పీఎస్‌ఐ బూస్ట్ (సూపర్‌చార్జర్ పెంచే గాలి ఒత్తిడి) కలిపితే లెక్కలో సుమారు 14:1 అవుతుంది. నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేకుండా వద్దు. ఇంజెక్టర్ డ్యూటీ (పెట్రోల్ చల్లే ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) 85 శాతం దాటితే పెద్దవి వేయాలి. పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ ఆవిర్లని మానిఫోల్డ్‌కి పంపేది) బూస్ట్‌ని ఇంజిన్ కింది భాగమైన క్రాంక్‌కేస్‌లోకి వదలకుండా ఉందో లేదో చూసుకోవాలి.

ప్రతి ట్యూనింగ్ మార్పు తర్వాతా ఫుల్ థ్రాటిల్ రన్ చివర్లోనే ఇంజిన్ ఆపి, ఐడిల్ చేయకుండా ప్లగ్ విప్పండి. దాని కొన దగ్గరి తెల్లటి పింగాణీని భూతద్దంతో చూడండి. మిరియాల పొడిలా నల్లటి చుక్కలుంటే నాకింగ్ అవుతోందన్నమాట. వెండిలా మెరిసే చుక్కలుంటే అది పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. అప్పుడు టైమింగ్ ఇంకో 2 డిగ్రీలు తగ్గించి చిన్న జెట్ వేయండి, కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్ ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసే పరీక్ష) చేసేదాకా మళ్లీ నైట్రస్ వదలొద్దు.