లెక్కల సారు కావడి

కమిటీ వాళ్లు ఫోన్ చేసి "మన పదో తరగతి బ్యాచ్ స్వర్ణోత్సవ సంచికకి ఒక పేజీ రాయి, ఏదైనా సరే" అన్నారు. గంట మాయమైన కథ, చింతచెట్టు కింద పంచాయితీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నాకు మాత్రం లెక్కల సారే గుర్తొస్తారు. అందులోనూ ఒక్క మధ్యాహ్నం.

1975 జనవరి. అందరికీ పబ్లిక్ పరీక్షల టెన్షన్. సారు పాఠం ఆపి, వరండాలో పోతున్న నీళ్ల తాతని "కావడి దించకు, అట్లే లోపలికి రా" అని పిలిచారు. ఒక బిందెలో సగం నీళ్లు మన చివరి బెంచీ వాళ్లతో పారబోయించారు. తాత తనంతట తానే బద్దని భుజం మీద జరుపుకున్నాడు. నిండు బిందె భుజానికి దగ్గరైంది, సగం బిందె దూరమైంది. స్కేలు పెట్టి కొలిచింది నేనే.

"సిరియస్ కూడా ఇట్లాంటి కావడే" అన్నారు సారు. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా మెరిసే ఆ నక్షత్రం తిన్నగా పోకుండా ఊగుతూ పోతోందని, పక్కన కనబడని బరువేదో ఉందని 1844లో బెస్సెల్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడట. 1862లో క్లార్క్ అనే అమెరికన్ టెలిస్కోపుల తయారీదారు కొత్త కటకాన్ని పరీక్షిస్తుంటే ఆ జంట చుక్క కంటబడిందట. ఒక చుట్టుకి దానికి 50 ఏళ్లు. రెండింటి మధ్య సగటు దూరం, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 20 రెట్లు. ఇరవైని మూడుసార్లు వేసి గుణిస్తే 8000, యాభైని రెండుసార్లు వేసి గుణిస్తే 2500. భాగిస్తే 3.2. కెప్లర్ సూత్రం ప్రకారం అదే రెండింటి మొత్తం బరువు, సూర్యుడి లెక్కన. "రెండూ కలిపి మూడు సూర్యుళ్ల బరువు. ఇప్పుడు కావడి లెక్కన పంచండి." పెద్దది ఊగే దూరం చిన్నదానిలో సగమే, కాబట్టి పెద్దదానికి రెండు, చిన్నదానికి ఒకటి. పదో తరగతి గదిలో కూర్చుని నక్షత్రాలని తూచాం!

తర్వాత ఉస్మానియాలో ఆస్ట్రానమీ చదివాను. హైదరాబాదు దగ్గరి రంగాపూర్ అబ్జర్వేటరీలో 48 అంగుళాల టెలిస్కోపు దగ్గర రాత్రులు గడిపాను. చివరికి జంట నక్షత్రాలే నా బతుకుతెరువయ్యాయి. రెండు చుక్కల మధ్య కోణం ఎంత, ఒకదానికి మరొకటి ఏ దిక్కున ఉంది, ఇంతే కొలిచేది. ఏళ్ల తరబడి కొలిస్తే గాని కక్ష్య తేలదు. మన నుంచి వాటి దూరం పది శాతం తప్పితే బరువు ముప్పై శాతం తప్పుతుంది. అందుకే మనకి దగ్గరి జంటలంటే నాకంత ఇష్టం. సిరియస్ ఉన్నది 8.6 కాంతి సంవత్సరాల దూరంలోనే. నా కొలతలు కొన్ని వాషింగ్టన్ జంట నక్షత్రాల కేటలాగులో ఉన్నాయి. 2017లో హబుల్ టెలిస్కోపు కొలతలతో సిరియస్ జంట బరువులు 2.06, 1.02 సూర్యుళ్లని అచ్చయినప్పుడు నా కళ్లముందు మెదిలింది నీళ్ల తాత భుజం. సారుకి చెప్పాలనిపించింది. అప్పటికే ఆయన లేరు.

సిరియస్ జంట చుట్టు కచ్చితంగా చెప్పాలంటే 50.1 ఏళ్లు. మనం బడి వదిలినప్పుడు ఆ చిన్న చుక్క ఎక్కడుందో, ఇప్పుడు మళ్లీ దాదాపు అక్కడికే వచ్చింది. డిసెంబరు ఆఖర్లో కలిసినప్పుడు భోజనాలయ్యాక, రాత్రి పదింటికి అందరూ గ్రౌండుకి రండి. టెలిస్కోపు నేను తెస్తాను. పెద్దదానికన్నా అది దాదాపు 10,000 రెట్లు మసక, దొరకడం కష్టమే. గాలి నిలకడగా ఉంటే పట్టుకుందాం. నీళ్ల తాత మనవడు ఊళ్లోనే ఉన్నాడట, అతన్నీ పిలవండి. ముందు అతనికే చూపిద్దాం.